ఇంటి మెడ

ఈ కబురు నాకు మొదట చెప్పింది గాజుల ఫాతిమూన్. బాపట్లలో మా వీధికి ముప్పై ఏళ్ళుగా గాజుల మలారం మోసుకొస్తున్న మనిషి. రేపల్లె వైపు ఊళ్ళు కూడా తిరుగుతుంది. ఫాల్గుణం చివర్లో ఒక మధ్యాహ్నం వచ్చి, మంచినీళ్ళు తాగి, గాజుల సంగతి ఎత్తకుండా ఈ మాట అంది.

"అమ్మా, నగరంలో మీ శ్రీవల్లికి గాజులు తొడిగొచ్చా. నాలుగో నెలంట, మంచిదే. కానీ ఆ మెడ చూస్తే నాకు బాగా అనిపించలేదు. ఇక్కడ, గుటక పడే చోట, కోడిగుడ్డంత లేచింది. వాళ్ళేమో పండగ చేసుకుంటున్నారు."

"పండగేంటి ఫాతిమూన్?"

"వాళ్ళ ఇంటి మెడ వచ్చిందంట. అత్తగారు పాత కంటె తీసి మెళ్ళో వేసింది. బయటిదాన్ని, నేనేమంటాను. మీ చెవిన వేస్తే మీరు చూసుకుంటారని వచ్చా."

శ్రీవల్లి నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక పదేళ్ళప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. రెండేళ్ళ క్రితం నగరం సంబంధం చేశాను. నగరమంటే పట్నం కాదు, రేపల్లె పక్కన ఆ పేరుగల ఊరు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. "అవును పెద్దమ్మా, నాకూ ఇంటి మెడ వచ్చేసింది, అత్తయ్యగారు ఎంత సంతోషపడ్డారో" అని నవ్వింది. గొంతు బొంగురుపోయింది. పొద్దున పదింటికే కళ్ళు మూతలు పడుతున్నాయని, ఎంత పడుకున్నా బడలిక తీరడం లేదని కూడా చెప్పింది. కడుపుతో ఉన్న పిల్లకు నిద్ర మామూలే. గొంతు మారడం మామూలు కాదనిపించింది.

ఫోన్‌లో ఏం చెప్పినా పుట్టింటివాళ్ళు వంక పెట్టారనే అనుకుంటారు. కాబట్టి వెళ్ళడమే నయం. మోకాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. నాకు అరవై రెండు. నేను బడి మెట్లెక్కినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లో పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. డాక్టరు దగ్గర ఏం అడగాలో తోచని నాలాంటి వాళ్ళెవరైనా ఇదే దారిన వెళ్ళవలసి వస్తే పనికొస్తుందని ఈ ప్రయాణం రాస్తున్నాను.

బాపట్లలో ఆరున్నర పాసింజరు పట్టుకున్నాను. ఒక సంచిలో మార్చుకోను చీర, పెరుగన్నం డబ్బా, చుట్టుకొచ్చిన సున్నిపిండి పొట్లం. కిటికీ పక్కన కూర్చున్న వేటపాలెం అమ్మాయి నన్ను చూసి లేచి చోటిచ్చింది. జీడిపప్పు కార్ఖానాలో పనిచేస్తుందట. వేళ్ళ కొసలు జీడిపిక్కల సొనకు నల్లబడి పెచ్చులు లేచాయి.

"కూర్చోండి పిన్నిగారూ, నేను రోజంతా కూర్చునే పని చేస్తా. నిలబడితే నాకు సెలవు దొరికినట్టే" అంది. పొద్దున్నే దొరికిన ఆ దయకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అప్పికట్ల దాటాక ఎందుకు వెళుతున్నానో అడిగితే చెప్పాను. "మా దగ్గరా ఒకామెకు వచ్చిందండి గొంతుకాయ. బిళ్ళ వేసుకుంటే తగ్గింది. దానికి పూజ చేసినవాళ్ళని మాత్రం ఇప్పుడే వింటున్నా" అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

తెనాలి చేరేసరికి ఎనిమిదింబావు. రేపల్లె బండికి వంతెనెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పోవాలి. మెట్టుకో నామం చొప్పున అనుకుంటూ ఎక్కాను. నామాలు అయిపోయాయి, మెట్లు అయిపోలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇక్కడ పావుగంట ఎక్కువ చూసుకోండి. కింద టీ తాగి, రెండు ఇడ్లీలు తిని బండెక్కాను. బండి ఖాళీగానే ఉంది. వేమూరు, భట్టిప్రోలు మీదుగా తీరుబడిగా వెళుతుంది. మాగాణుల్లో వరి తర్వాత వేసిన జొన్న కంకులు తొడిగి నిలబడి ఉంది. చూడడానికి చల్లగానే ఉంది గానీ బోగీలో ఫ్యాను తిరగలేదు.

రేపల్లెలో దిగి, స్టేషను బయట షేర్ ఆటో ఎక్కి, ఏడుగురి మధ్య ఇరుక్కుని పదకొండింటికి నగరం చేరాను. ఆటో దిగాక అయిదు నిమిషాలు గోడ పట్టుకుని నిలబడితే గానీ కాళ్ళు నావి కాలేదు.

వియ్యపురాలు రాజ్యలక్ష్మిగారు గుమ్మంలోకి ఎదురొచ్చారు. "ఏంటి వదినగారూ, కబురైనా లేకుండా. మా అబ్బాయిని ఆటో తెమ్మనేదాన్ని కదా" అంటూ కాళ్ళకు నీళ్ళిచ్చారు. అరవై దాటినా మనిషి నిటారుగా ఉంటారు. పొద్దున నాలుగింటికి లేచి, స్నానం చేసి, దేవుడికి వండి, ఆ నైవేద్యమే ఇంటిల్లిపాదికీ వడ్డించే ఇల్లాలు. ఆ ఇల్లు చూసే నేను పిల్లనిచ్చాను. ఆవిడ మెడా నిండుగా ఉంటుంది. పెళ్ళిచూపుల నాడు అది ఒంటి తీరనుకున్నాను.

శ్రీవల్లి వచ్చి నా భుజం మీద తల పెట్టింది. ముఖం ఉబ్బింది. మెడలో గట్టి వంకీలా కంటె, దాని పైన వాపు. చెవిలో మెల్లగా అంది: "రెండ్రోజులుగా బిగుసుకుంటోంది పెద్దమ్మా. తీస్తే అత్తయ్యగారు చిన్నబుచ్చుకుంటారు."

అప్పుడే వెనక వసారాలోంచి చిట్టి వచ్చింది. చిట్టి రాజ్యలక్ష్మిగారి పెద్ద కూతురు. ముప్పై ఎనిమిదేళ్ళు. ఎత్తు నా భుజం దాకా రాదు. పుట్టినప్పటి నుంచి మాట లేదు, వినికిడీ అంతంతే. పెళ్ళికి వచ్చినప్పుడు దూరం నుంచి చూశాను గానీ దగ్గరగా చూడడం ఇదే. చేతిలో కనకాంబరాల మాల. ఎంత ఒద్దికగా కట్టిందో, ముడులు కనపడలేదు. నా చేతిలో పెట్టి, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. తల్లో తురుముకున్నాక గానీ కదలలేదు.

"దాని ప్రారబ్ధం, నా కర్మ" అన్నారు రాజ్యలక్ష్మిగారు. తర్వాత కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తి, "చూశారా, దీనికీ ఇంటి మెడే" అని చూపించారు. ఆ మాటలో మురిపెమే ఉంది.

భోజనంలో మజ్జిగలోకి కాస్త ఉప్పు అడిగితే లేత గులాబీ రంగు పొడి వేశారు. సైంధవం. నేను ఏకాదశికి వాడేదే. ఆవిడ చెప్పారు: దేవుడి వంటలో సముద్రపు ఉప్పు పనికిరాదని వాళ్ళ అత్తగారు ఆచారం పెట్టుకున్నారట. దేవుడికి పెట్టనిది ఆ ఇంట్లో తినరు కాబట్టి అందరికీ సైంధవమే. నలభై ఏళ్ళలో సముద్రపు ఉప్పు గడప దాటి రాలేదు. అంత దగ్గర్లో సముద్రం ఉన్నా, ఎక్కడో ఉత్తరాది కొండల్లోంచి వచ్చే రాతి ఉప్పును ఏడాదికి సరిపడా తెప్పించుకుంటారు. ఆ నిష్ఠకు నాకు ముచ్చటేసింది. ఇందులో దాచేదేం లేదు, నాకు ఏ అనుమానమూ రాలేదు.

కాస్త నడుం వాల్చి లేచాక, హాలు గోడ మీది ఫొటోలు చూపించారు. వరసగా అయిదారు ఫొటోలు, అన్నింట్లోనూ కంటె పెట్టుకున్న ఆడవాళ్ళు.

"ఈవిడ మా అత్తగారు. ఆ మెడ చూడండి, శంఖంలా. ఇది మా తోడికోడలు. ఇది నేను, శ్రీవల్లి వయసులో."

"మీ అత్తగారి పుట్టిల్లు ఏ ఊరండీ?" అని అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగిందే.

"పొన్నూరు దగ్గర."

"తోడికోడలు?"

"నందివెలుగు. నేనేమో చీరాల వైపు."

"ముగ్గురూ మూడు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. మరి ఇది ఇంటి మెడ ఎలా అయిందండీ వదినగారూ?"

ఆవిడ నవ్వారు. "అదే కదండీ విశేషం. వచ్చినప్పుడు కొంగ మెడేసుకుని వస్తారు. ఈ ఇంటి నీళ్ళు పడ్డాక నిండుతుంది. నాకు మూడో ఏడు వచ్చింది. శ్రీవల్లికి రెండో ఏడే. అంత తొందరగా కలిసిపోయింది మాలో."

"ఇంట్లో పుట్టిన ఆడపిల్లలకో? మీ ఆడపడుచులకి?"

"పెళ్ళిళ్ళు కాకముందు ఉండేది. అత్తారిళ్ళకి పోయాక తగ్గిపోయింది. పుట్టింటి కళ కరిగిపోయిందని మా అత్తగారు దిగులు పడేది."

"మగవాళ్ళకో?"

"మగాళ్ళకెందుకండీ. అయినా వాళ్ళు మధ్యాహ్నం ఇంట్లో ఎక్కడ తింటారు? మావారూ, మీ అల్లుడూ రేపల్లె హోటల్లోనే కదా."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. వచ్చినవాళ్ళకు వస్తోంది. వెళ్ళినవాళ్ళకు పోతోంది. రక్తంలో ఉన్నదైతే ఇలా గడప చూసుకుని నడవదు. ఇదేదో ఇంట్లో ఉంది, ఇంట్లో తినేవాళ్ళకే అంటుతోంది. పైకి అంత మాట అనలేకపోయాను. వియ్యపురాలి హాల్లో నిలబడి వాళ్ళ అత్తగారి ఫొటో ముందు అనే మాట కాదు.

"నా తృప్తి కోసం ఒక్కసారి తెనాలిలో చూపిద్దామండీ. ఇంటి మెడే అని డాక్టరూ అంటే నేనే దిష్టి తీసి వెళతాను" అన్నాను.

ఆవిడ అత్తగారి ఫొటో మీది దుమ్ము కొంగుతో తుడిచారు. "పుట్టింటివాళ్ళకు బెంగ ఉంటుంది, కాదనను. కానీ పిల్లని ఒక్కదాన్ని పంపను. నేనూ వస్తా" అన్నారు చివరికి. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పరుపు మెత్తనిదే, ఒళ్ళు నొప్పులకు నిద్ర మాత్రం తునకలు తునకలుగా పట్టింది.

మర్నాడు చిట్టిని రాజ్యలక్ష్మిగారి తోడికోడలికి అప్పజెప్పి, ఏడింటికి బయల్దేరాం. రేపల్లె నుంచి తెనాలికి ఈసారి బస్సు. శ్రీవల్లి కూర్చున్న నిమిషానికే నిద్రపోయింది. పక్కసీటు పెద్దాయన ఆ పిల్లనీ, మా ఇద్దరినీ చూసి, "తల్లి వైపు ఒకరు, అత్త వైపు ఒకరు కాపలానా? పారిపోతుందని భయమా?" అన్నాడు. రాజ్యలక్ష్మిగారు, "పారిపోవడానికి ముందు మెలకువ రావాలిగా బాబాయిగారూ" అన్నారు. నిన్నటి నుంచి మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడే.

డాక్టరమ్మగారి దగ్గర పేరు రాయించేసరికి తొమ్మిదిన్నర. ముందు పదిహేడు మంది. ముందుగా ల్యాబులో రక్తం ఇచ్చి వస్తే పని త్వరగా అవుతుందని చీటీలు రాసే అమ్మాయి చెప్పింది. ఈ థైరాయిడ్ పరీక్షకు పరగడుపున రానక్కర్లేదట. మేం తెలియక ఆ పిల్లని అప్పటిదాకా పస్తుంచాం. ఇది గుర్తుపెట్టుకోండి. పక్కనే టిఫిన్ పెట్టించాం. రిపోర్టు మూడింటికన్నారు. ఆ అయిదు గంటలూ గోడవారగా ఇనప కుర్చీల్లో కూర్చున్నాం. నా పెరుగన్నం నిన్ననే పులిసిపోయింది. రాజ్యలక్ష్మిగారు బయటి భోజనం ముట్టరు. రెండు అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. వేడికి గోడ కూడా కాలుతోంది. కళ్ళు మూసుకుని జపం చేద్దామంటే ప్రతి నామం మధ్యా ఎవరో ఒకరి టోకెన్ నంబరు వచ్చి పడేది.

నాలుగు దాటాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మగారికి నలభై ఉంటాయేమో. రిపోర్టు చూసి పక్కన పెట్టి, శ్రీవల్లి వెనక నిలబడి గొంతు మీద వేళ్ళు ఆనించి, "గుటక వెయ్యమ్మా" అన్నారు. వాపు పైకి కదిలి కిందికి దిగింది. "ఈ కంటె తీసెయ్యండి, నొక్కుతోంది."

శ్రీవల్లి అత్తగారి వైపు చూసింది. రాజ్యలక్ష్మిగారే లేచి కంటె కీలు విప్పసాగారు.

"ఇంట్లో ఏ ఉప్పు వాడతారు?" అని అడిగారు డాక్టరమ్మగారు.

"సైంధవమేనండి. నలభై ఏళ్ళుగా." ఆ జవాబు గర్వంగానే వచ్చింది.

డాక్టరమ్మగారు కలం కింద పెట్టారు. "అమ్మా, మీ పూజని నేనేమీ అనను. గొంతులో ఒక గ్రంథి ఉంటుంది. దానికి అయోడిన్ అని చిటికెలో చిటికెడు కావాలి. చేపలు తినేవాళ్ళకి కొంత అందులో దొరుకుతుంది. మీకు దారి ఉప్పొక్కటే. సైంధవంలో అది ఉండదు. మామూలు కల్లుప్పులోనూ చాలదు. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పే వాడాలి. దొరకనప్పుడు ఆ గ్రంథి ఉన్నదంతా పీల్చుకోవాలని పెరుగుతుంది. మీ మెడలో ఉన్నదీ అదే."

"మరి బిడ్డకి?" అని నేనడిగాను. నేను ఆ ఊరు వచ్చిందే ఆ మాట కోసం.

"బిడ్డ ఎదిగేది తల్లిలో ఉన్నదాంతోనే. మరీ తక్కువైతే మెదడు ఎదుగుదల మీద పడుతుంది. మాట, వినికిడి, ఎత్తు. మీరు నాలుగో నెలలోనే వచ్చారు, అది మంచి పని. మాత్ర ఈ రోజే మొదలుపెట్టండి, ఆ ఉప్పు ఈ పూట నుంచే వాడండి. వంట దించాక వేస్తే ఇంకా మంచిది. నెలకోసారి రండి, నేను చూసుకుంటాను." మళ్ళీ కలం తీసుకుంటూ అడిగారు. "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

రాజ్యలక్ష్మిగారి వేళ్ళు కంటె కీలు మీద ఆగిపోయాయి. "ఆడవాళ్ళందరికీ ఉందండి" అన్నారు.

అంతే. చిట్టి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"అయితే అందరినీ ఒకసారి తీసుకురండి" అన్నారు డాక్టరమ్మగారు. కంటె ఊడివచ్చింది. శ్రీవల్లి మెడ మీద ఎర్రటి గాడి పడి ఉంది. రాజ్యలక్ష్మిగారు దాన్ని బొటనవేలితో రెండుసార్లు రాసి, కంటెను కొంగున ముడేసుకున్నారు.

మందుల దుకాణం పక్కన కిరాణా కొట్టుంది. నేను చెప్పకముందే ఆవిడ వెళ్ళి రెండు ఉప్పు ప్యాకెట్లు అడిగారు. నన్ను పిలిచి, "నాకు కళ్ళజోడు లేదు. అయోడిన్ అని ఉందో లేదో చదవండి" అన్నారు. చదివి చెప్పాను. నాన్నగారు పలక మీద దిద్దించిన అక్షరాలు ఇంత పనికి వస్తాయని ఏనాడూ అనుకోలేదు.

వాళ్ళ రేపల్లె బండి అయిదున్నరకు, నాది ఆరుంబావుకు. మళ్ళీ ఆ వంతెన, మళ్ళీ ఆ మెట్లు. ఈసారి ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఎక్కాం. ప్లాట్‌ఫారం బల్ల మీద శ్రీవల్లి మాత్ర మింగి కునికిపాట్లు పడుతుంటే ఆవిడ నెమ్మదిగా అన్నారు.

"నైవేద్యం చప్పగా పెడతాను వదినగారూ. దేవుడి ముందు నుంచి తీశాక, వడ్డించేటప్పుడు ఈ ఉప్పు కలుపుతాను. అప్పుడు ఆయన వంటలో పడినట్టు కాదు కదా?"

"కాదండీ. ఆయనకు అభ్యంతరం ఉంటుందని నేననుకోను" అన్నాను.

"ఆయనతో నేను మాట్లాడుకుంటాను. మా అత్తగారితోనే కష్టం. పోయేముందు చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది." కాస్త నవ్వు వచ్చి పోయింది ఆవిడ ముఖంలో. తర్వాత పట్టాల వైపు చూస్తూ అన్నారు. "చిట్టి సంగతి నేను అడగలేదు. చూశారుగా."

"చూశానండీ."

"అడిగితే డాక్టరమ్మ చెప్పేది."

ఆవిడ చెయ్యి నా చేతిలోనే ఉంది. బండి వచ్చి ఆగింది. శ్రీవల్లిని లేపి, సంచులు సర్దుకుని, మెట్టు మీద కాలు పెట్టాక వెనక్కి తిరిగారు. "వచ్చే నెల పిల్లతో పాటు దాన్నీ తీసుకొస్తా. అప్పుడడుగుతా" అన్నారు.

బాపట్ల పాసింజరు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. కూర్చోవడానికి చోటు దొరికింది, అదే చాలు. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టలేదు. విప్పి పక్కన పెట్టుకున్నాను. చుండూరు దాటాక కిటికీలోంచి గాలి తగిలింది. బిడ్డ ఎలా పుడతాడో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. డాక్టరమ్మగారు ధైర్యం చెప్పారు, దాన్నే పట్టుకున్నాను. మోకాళ్ళున్నందుకు, అవి నొప్పులతోనైనా నన్ను నగరం దాకా మోసినందుకు కృతజ్ఞత చెప్పుకున్నాను. ఇల్లు చేరగానే ఫాతిమూన్‌కు ఫోన్ చేశాను. "తగ్గుద్దంటనా?" అని ఒక్కటే అడిగి, విని, "అల్లా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ ఇంటివాళ్ళు ఎవరినీ చులకన చేసినవాళ్ళు కారు. వచ్చిన కోడలు తమలో కలిసిందని మురిసినవాళ్ళు. ఉన్న భక్తిలో లోటు చేయనివాళ్ళు. నేను వాళ్ళకంటే తెలివైనదాన్ని కాను. ఆ మజ్జిగ తాగి బాగుందన్నదాన్నే. ఈ రెండు రోజుల్లో నాకు మిగిలింది అలసట, దాని అడుగున నేనూ వాళ్ళలాంటిదాన్నేనని తెలియడం.

చదివినవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. వచ్చే నెల ఒక రోజు రాజ్యలక్ష్మిగారు చిట్టి చెయ్యి పట్టుకుని ఆ వంతెన మెట్లు దిగుతారు. ఆ ఇనప కుర్చీల్లో కూర్చుని తమ వంతు కోసం చూస్తారు. లోపలికి వెళ్ళి, ముప్పై ఎనిమిదేళ్ళుగా కర్మ అనుకున్నదాన్ని గురించి ఆ మాట అడుగుతారు. జవాబు ఏమొచ్చినా విని, చిట్టిని వెంటబెట్టుకుని మళ్ళీ ఇంటికి వెళ్ళాలి. మీరు ఏ దేవుడిని తలిచేవాళ్ళైనా, ఎవరినీ తలవని వాళ్ళైనా సరే, ఆవిడను ఒక్కసారి గుర్తు చేసుకోండి.